పాడి ఇంట్లో పెరటి కూర

పాల బిల్లు అందిన వారంలో సంతకు వెళ్లి వచ్చే మన సభ్యుల సంచుల్లో ఏముంటుందో ఒకసారి గమనించండి. ఉప్పు, పప్పు, నూనె, చింతపండు ఉంటాయి. అవి కొనక తప్పదు. వాటి పక్కనే టమాటాలు, వంకాయలు, ఒక సొరకాయ, రెండు తోటకూర కట్టలు, చివరకు కరివేపాకు రెమ్మలు కూడా ఉంటాయి. ఇంటి వెనక పేడ కుప్పగా పడి ఉంటుంది. కొట్టం కడిగిన నీళ్లు బజారులోకి పారుతుంటాయి. మనం మాత్రం తోటకూర డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాం. తెల్లవారుజామున లేచి పాలు పితికి సంపాదించిన డబ్బులో కొంత, ఇంటి దగ్గర ఊరికే మొలిచే వాటికి పోతోందన్నమాట.

ఈ నెల పాఠం పెరటి కూరల గురించి. అయితే విత్తనం వేయడం గురించి కొంచెమే చెబుతాం, పండిన దాన్ని వండుకోవడం గురించి ఎక్కువ చెబుతాం. కారణం ఉంది. మొదలుపెట్టిన పెరటి తోటల్లో చాలావరకు ఆగిపోయేది పెరట్లో కాదు, వంటింట్లో. నాలుగు సొరకాయలు ఒకేసారి దిగుతాయి. రెండు రోజులు వండాక పిల్లలు కంచం ముందు మొహం తిప్పుకుంటారు. మూడో కాయ ముదిరిపోతుంది. మరుసటి ఏడు ఆ ఇంట్లో సొర విత్తనం పెట్టరు.

పాలలో లేనిది

పాడి ఉన్న ఇంట్లో తిండికి లోటేమిటని చాలామంది అనుకుంటారు. పాలలో మంచి మాంసకృత్తులు ఉన్నాయి, కాల్షియం ఉంది. ఇనుము మాత్రం చాలా తక్కువ, విటమిన్ సి కూడా తక్కువే. అవి ఆకుకూరల్లో, కాయల్లో, నిమ్మ, ఉసిరి వంటి వాటిలో దొరకాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నూటికి సగం కంటే ఎక్కువ మంది! గేదెకు గడ్డి కోసేది, పేడ ఎత్తేది, పాలు కేంద్రానికి మోసేది చాలా ఇళ్లలో ఆ స్త్రీలే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కిలో కేలరీల ఆహారం తీసుకునే మనిషికి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు ఉండాలని చెప్పారు. ఈ రెండు అంకెల్నీ మన ఇంటితో పోల్చి చూసుకోవాలి. పాలన్నీ కేంద్రంలో పోసి, పిల్లవాడికి టీనీళ్లు ఇచ్చే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంట్లో పాలు ఉంచుకోమని మన పత్రికే చెబితే కేంద్రానికి వచ్చే పాలు తగ్గవా అని ఎవరైనా కార్యదర్శి అడగవచ్చు. తగ్గితే ఆ కాస్త తగ్గనివ్వండి. కూరలకు పోయే డబ్బు పెరట్లోంచి మిగిలితే, ఇంట్లో ఉంచుకున్న అరలీటరు పాలు బిల్లులో లోటుగా కనిపించవు. పెరడు చేయగలిగిన అసలు మేలు ఇదేనని మా అభిప్రాయం.

చోటు, ఎరువు

సెంటు అంటే 48.4 చదరపు గజాలు. తెలంగాణ లెక్కలో గుంటకు రెండున్నర సెంట్లు. అయిదుగురున్న ఇంటికి పైన చెప్పిన లెక్కన రోజుకు రెండు కిలోల కూరలు కావాలి. ఒక సెంటు పెరడు ఏడాది పొడవునా అంత ఇస్తుందని మేము చెప్పం. పప్పులోకి ఆకు, పచ్చట్లోకి కాయ, వారంలో రెండు మూడు పూటల కూర, ఇంతవరకు మొదట ఆశించవచ్చు. అది కూడా కంచె వేసుకున్న పెరడుకే. కంచె లేకుండా విత్తనం వేస్తే పక్కింటి మేకకు మేత వేసినట్టే.

ఎరువు విషయంలో పాడి రైతుకు ఉన్న వసతి మరొకరికి లేదు. పెద్ద గేదె రోజుకు పది నుంచి పదిహేను కిలోల పేడ వేస్తుంది. గ్యాసు పొయ్యి వచ్చిన ఇళ్లలో పిడకలకు పోయే పేడ తగ్గింది కాబట్టి పెరటికి కావలసినంత మిగులుతుంది. కాని పచ్చి పేడ పాదుల్లో వేయకూడదు. దానితో వేరుపురుగు, చెదలు వస్తాయి, కలుపు గింజలు మొలుస్తాయి. ఆకుకూరల మడిలో పచ్చి పేడ నీళ్లు పోస్తే రోగక్రిములు ఆకుకు అంటి కంచం దాకా వస్తాయి. గోతిలో వేసి, చెత్తా ఆకూ కలిపి, తేమ ఆరకుండా చూస్తూ మూడు నాలుగు నెలలు మాగనివ్వాలి. చేతిలోకి తీసుకుంటే పొడిగా రాలి, పేడ కంపు పోయి మట్టి వాసన వస్తే మాగినట్టు. మూత్రాన్ని కూడా వృథా పోనివ్వవద్దు. నత్రజని, పొటాష్ అందులో బాగా ఉంటాయి. కొట్టంలో ఎండుటాకులు, తినగా మిగిలిన గడ్డి పరిచి, నానిన దాన్ని గోతిలోకి ఎత్తితే చాలు. పాల క్యాన్లు సోడాతో, సబ్బు పొడితో కడిగిన నీళ్లు మాత్రం మొక్కలకు పోయవద్దు.

ఇది ఆడవాళ్ల నెత్తిన పెట్టే ఇంకొక పని కాకూడదు. గొయ్యి తవ్వడం, కంప కొట్టి కంచె వేయడం, పందిరి కట్టడం మగవాళ్లు చేయవలసిన పనులు. అవి కాకుండా భార్యను తోట వేయమంటే ఆ తోట నిలవదు.

ఏమి వేయాలి

మొదట ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి ఉండేవి పెట్టాలి. కరివేపాకు, మునగ, నిమ్మ, పందిరి మీదికి దొండ, కంచె మీదికి తీగ బచ్చలి, స్నానాల నీళ్లు పారే చోట అరటి. వీటిని నెలరోజులు పట్టించుకోకపోయినా చావవు. మునగ కొమ్మ పెళుసు, గాలివానకు విరుగుతుంది కాబట్టి ఇంటి కప్పుకు, కొట్టానికి ఎడంగా నాటాలి.

మృగశిర కార్తెలో వానలు పడగానే బీర, కాకర, పొట్ల, సొర పాదులు పెట్టాలి. సొర, గుమ్మడి తీగలను కొట్టం కప్పు మీదికి పాకిస్తే వాటికి వేరే చోటే అక్కరలేదు. తోటకూర, మెంతికూర నెల లోపే కోతకు వస్తాయి. అందుకని మడి అంతా ఒకే రోజు చల్లకుండా పది రోజులకు కొంచెం చొప్పున చల్లుకుంటే ఎప్పుడూ లేత ఆకు ఉంటుంది.

తీగ చిక్కుడు సంగతి విడిగా చెప్పాలి. వానాకాలంలో వేసిన చిక్కుడు దసరా దాకా ఆకులే వేస్తుంది. కాయదేమో అని కొందరు పీకి గేదెకు వేస్తారు. పొద్దు తగ్గి చలి మొదలైతే గాని పూత పట్టదు. దీపావళి దాటాక కాయ దిగడం మొదలై సంక్రాంతి తర్వాత కూడా కాస్తుంది. రథసప్తమి నాడు పిడకల మీద పాలు పొంగించి, పరమాన్నం చిక్కుడాకులో పెట్టి, చిక్కుడు కాయలతో రథం చేసి సూర్యుడికి చూపించడం మన ఇళ్లలో ఉన్నదే. పాలు, పేడ, పెరడు ఒక్క చోటికి వచ్చే పండుగ అది. ఆ నాటికి పెరట్లో చిక్కుడు పాదు లేక ఆకు కోసం వీధి వీధీ తిరగడం పాడి ఇంటికి అందం కాదు!

వంటింట్లో

ఇప్పుడు ఆ నాలుగు సొరకాయల దగ్గరకు వద్దాం. సంతలో కొనేటప్పుడు మనకు ఇష్టమైనది కొంటాం. పెరడు మన ఇష్టం అడగదు, కాసింది ఇస్తుంది. కాబట్టి ఒకే కాయను నాలుగు రుచులుగా వండడం తెలిసి ఉండాలి. మన పెద్దవాళ్లకు అది తెలుసు. వాళ్ల చేతిలో పాలు, పెరుగు, మజ్జిగ ఉండేవి.

మొదటి రోజు పాలు పోసిన కూర చేయండి. అరకిలో లేత సొరకాయ చెక్కు తీసి, ముక్కలు కోసి, కొద్దిగా నీళ్లు, తగినంత ఉప్పు వేసి మూత పెట్టి ఉడికించాలి. నీరు ఇగిరాక మంట తగ్గించి, ముందే కాచిన పాలు ఒక చిన్న గ్లాసు పోసి, చెంచాడు బియ్యప్పిండి చల్లని పాలలో కలిపి పోయాలి. దగ్గరపడగానే దించి మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టాలి. పాలు మొదట్లోనే పోసినా, మంట ఎక్కువైనా విరుగుతాయి. చింతపండు, టమాటా దీని దరికి రానివ్వకూడదు. బీర, పొట్ల కూడా ఇలాగే చేయవచ్చు. కారం తక్కువ కాబట్టి చిన్న పిల్లలు, ముసలివాళ్లు ఇష్టంగా తింటారు.

రెండో రోజు ఆ చెక్కును పారేయకుండా నూనెలో మగ్గించి, పచ్చిమిర్చి, చింతపండు వేసి రోటి పచ్చడి చేయండి. బీరకాయ చెక్కు పచ్చడి అయితే కూర కంటే బాగుంటుందని మా ఉద్దేశం. మూడో రోజు మజ్జిగ పులుసు. పుల్ల మజ్జిగలో రెండు చెంచాల శనగపిండి ఉండ లేకుండా కలిపి, ఉడికిన ముక్కలు, పసుపు, దంచిన అల్లం, పచ్చిమిర్చి వేసి సన్నని మంట మీద కలుపుతూ ఒక పొంగు రానివ్వాలి. శనగపిండి ఉండబట్టే మజ్జిగ విరగదు. సొర బదులు మునక్కాడ, బెండ, బచ్చలి వేసినా సరే. నాలుగో రోజు ముక్కలు ఉడికించి, చల్లారాక పెరుగులో కలిపి తాలింపు పెడితే పెరుగు పచ్చడి. వెన్న తీసిన మజ్జిగ, పులిసిన పెరుగు ఇంట్లో ఉన్నవే. గేదె లేని ఇంట్లో ఇదే వంటకు వాటిని కూడా కొనుక్కోవాలి.

ఆకుకూరలు ముందు కడిగి తర్వాత తరగాలి. తరిగి కడిగితే సారం నీళ్లలో పోతుంది. కోసిన వెంటనే, మూత పెట్టి, కొద్ది నీటితో త్వరగా ఉడికించాలి. ఆకుల్లోని విటమిన్ ఎ నిచ్చే పదార్థం ఒంటికి పట్టడానికి కాస్త కొవ్వు కావాలి. కాబట్టి పప్పుకూరలో చెంచాడు నెయ్యి వేయడం దుబారా కాదు. వడ్డించేటప్పుడు పైన నిమ్మరసం పిండితే అందులోని ఇనుము మెరుగ్గా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. గంట ఆగి తాగండి. ఆషాఢంలో మునగాకు తినే ఆనవాయితీ ఉన్న ఇళ్లు, అదే ఆకును మిగిలిన నెలల్లో కూడా పప్పులో గుప్పెడు వేసుకోవచ్చు. అయితే ఆకుకూర తింటున్నామని, ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు. రక్తహీనత బాగా ఉన్నవారికి ఆకుకూర ఒక్కటే చాలదు.

పశువు, పెరడు

పిడుదులకు కొట్టే మందు ఇంట్లో మిగిలి ఉందని వంగ మొక్కలకు కొట్టేవాళ్లు ఉన్నారు. ఇది ఎంతమాత్రం చేయరాదు. ఆ మందు తినే కూరల కోసం తయారైంది కాదు. చిక్కుడుకు పేనుబంక పడితే పొద్దున్నే మంచు తడి మీద జల్లెడ పట్టిన బూడిద చల్లండి. తగ్గకపోతే లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు పొడి చొప్పున రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట చల్లండి.

ముదిరిన ఆకులు, చిక్కుడు తీగ, సొర తొక్కలు మందు కొట్టనివైతే గేదెకు వేయవచ్చు. ఉల్లి, వెల్లుల్లి పొట్టు మాత్రం పాలిచ్చే పశువుకు వేయకండి. పాలకు ఆ వాసన పడుతుంది, కేంద్రంలో మాట వస్తుంది. ఉల్లి ఎక్కువైతే పశువు రక్తానికే చెరుపు.

విత్తనం కోసం ప్రతి పాదులో నిండుగా ఎదిగిన రెండో మూడో కాయను వదిలేసి, దారం కట్టి గుర్తు పెట్టుకోండి. తీగ మీదే ఎండిన గింజను నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి, మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టాలి. మహిళా సభ్యుల సమావేశానికి వచ్చేటప్పుడు తలా పిడికెడు తెచ్చి మార్చుకుంటే ఒకరి దగ్గర లేని రకం మరొకరికి అందుతుంది. సొర, బీర వండే ముందు చిన్న ముక్క నాలుకకు తాకించి చూసి ఉమ్మేయండి. చేదుగా ఉంటే ఆ కాయ పారవేయాలి, రసం కూడా తాగరాదు. ఆ చేదు విషం, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. అటువంటి కాయ కాసిన పాదు నుంచి విత్తనం తీయకండి, ఎవరికీ ఇవ్వకండి.