మల్టిపుల్ స్క్లీరోసిస్ రోగులలో నరముల నొప్పి

ముల్లు గ్రుచ్చుకొన్నను, నిప్పు తగిలినను నొప్పి కలుగును. ఇట్టి నొప్పి శరీరమునకు కావలివాని వంటిది. గాయము మానినచో అదియు మానును. కాని గాయము, వాపు, జ్వరము లేకయే నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి బాధించు నొప్పి మరియొకటి కలదు. మల్టిపుల్ స్క్లీరోసిస్ వ్యాధి గలవారిలో పెక్కుమంది దీనిని అనుభవించుచున్నారు. పైకి ఏమియు కానరాదు గనుక, ఇంటివారు దీనిని వట్టి భ్రమ యని తలచుటయు కలదు. అది పొరపాటు.

నొప్పి పుట్టు విధము

మెదడులోను వెన్నుపాములోను వార్తలను కొనిపోవు నరపు తంతువులకు మైలిన్ అను క్రొవ్వు తొడుగు ఉండును. విద్యుత్తు తీగకు రబ్బరు తొడుగు ఎట్టిదో, తంతువునకు ఇది యట్టిది. ఈ వ్యాధిలో శరీరమును రక్షింపవలసిన వ్యవస్థయే ఈ తొడుగును పాడుచేయును. పాడైనచోట గట్టి మచ్చలు ఏర్పడును. 1868లో పారిస్ నగరమున షార్కో అను వైద్యుడు ఈ మచ్చలకును రోగి లక్షణములకును గల సంబంధమును స్పష్టముగా వర్ణించెను.

తొడుగు చెడిన తంతువు వార్తలను ఆలస్యముగా చేర్చును. ఒక్కొక్కప్పుడు లేని వార్తను తానే పుట్టించును. కాలు మండుచున్నదని రోగి చెప్పునప్పుడు చెడినది కాలు కాదు, కాలి వార్తను మోయు తంతువు. కనుకనే కాలిని ఎంత పరీక్షించినను దోషము కనబడదు. నొప్పి మాత్రము నిజమైనదే.

నొప్పి రూపములు

కొందరికి కాళ్లు, పాదములు ఎడతెగక మండును. రాత్రివేళ ఈ మంట హెచ్చగును. దుప్పటి తగిలినను ఓర్వలేరు. కొందరికి మెడ ముందుకు వంచినంతనే విద్యుత్తు తగిలినట్లు వెన్ను వెంట జలదరింపు ప్రాకును. మరికొందరికి రొమ్ము చుట్టును పట్టీ బిగించినట్లుండును. అయినను రొమ్ములో క్రొత్తగా నొప్పి కలిగినచో, గుండెజబ్బు కాదని వైద్యుడు నిర్ధారించువరకు ఉపేక్షింపరాదు.

ముఖమున ఒకవైపు మెరుపువలె వచ్చిపోవు తీవ్రమైన పోటు మరియొక రూపము. నమలునప్పుడు, పండ్లు తోముకొనునప్పుడు, చల్లగాలి సోకినప్పుడు ఇది వచ్చును. దీనిని పంటిపోటుగా భావించి మంచి పండ్లను తీయించుకొన్నవారు కలరు. పన్ను తీసినను ఈ పోటు పోదు.

చికిత్స

తలనొప్పికి, కీళ్ల నొప్పులకు వాడు సామాన్యపు మాత్రలు దీనికి అంతగా పనిచేయవు. అమిట్రిప్టిలీన్, డులాక్సెటీన్, గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ వంటి మందులను వైద్యులు వాడుదురు. ముఖపు పోటునకు ముఖ్యమైన మందు కార్బమజెపీన్. వీనిలో కొన్ని మనోవ్యాకులతకు, కొన్ని మూర్ఛకు ఇచ్చునవి. అంతమాత్రమున రోగికి ఆ జబ్బులున్నవని తలంపరాదు. ఈ మందులు అదుపు తప్పిన నరముల వార్తలను శాంతింపజేయును.

మోతాదును కొద్దిగా మొదలిడి క్రమముగా పెంచుదురు. గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టవచ్చును. మగత, తల తిరుగుట కలిగినచో వైద్యునికి తెలుపవలెను. తమంతట తాము మందును హఠాత్తుగా మానరాదు. అయితే కార్బమజెపీన్ వాడునప్పుడు ఒంటిపై దద్దురులు లేచినచో, తరువాతి మాత్ర వేసికొనక వెంటనే వైద్యుని కలిసికొనవలెను. నొప్పి పూర్తిగా పోకున్నను, నిద్రపట్టునంతగా, పనిచేసికొనునంతగా తగ్గుట గొప్ప మేలే.

ఇంటివారి కర్తవ్యము

నొప్పి యనగానే కాపడము పెట్టుట మన యిండ్లలో వాడుక. కాని ఈ రోగులకు స్పర్శ మందగించి యుండవచ్చును; కాలినను తెలియదు. కావున వేడినీటి సంచులు ప్రమాదకరములు. ఎండవేడిమికి కూడ లక్షణములు తాత్కాలికముగా హెచ్చును గనుక వేసవిలో చల్లనిచోట ఉంచవలెను.

2016లో చేయబడిన వికలాంగుల హక్కుల చట్టమున భారత ప్రభుత్వము ఈ వ్యాధిని వైకల్యములలో ఒకటిగా పేర్కొన్నది. కంటికి కనబడని బాధను చట్టము గుర్తించినప్పుడు ఇంటివారు గుర్తింపకుండుట తగదు. నొప్పి ఎప్పుడు, ఎచ్చట, ఎట్లు వచ్చినదో రోగి చెప్పగా వ్రాసి వైద్యునికి చూపవలెను. రోగి మాటను నమ్ముటయే చికిత్సకు తొలిమెట్టు.