పైపు పొగాకు పరిమళం – మన్యం బర్లీ ఆకు విలువ

పైపులో కాల్చే సువాసన పొగాకుకూ మన తూర్పు కనుమల గిరిజన ప్రాంతానికీ సంబంధం ఉన్నదంటే కొందరికి వింతగా తోచవచ్చు. అరకు లోయలో పైపు కాల్చేవారు అరుదు. అక్కడి వారపు సంతల్లో అమ్ముడయ్యేది ఏ వాసనా కలపని ఆకు పొగాకు, చుట్టలు. అయితే అవే కనుమల వెంట దక్షిణంగా వచ్చి గోదావరి వైపు దిగితే రంపచోడవరం ఏజెన్సీ తగులుతుంది. అక్కడి తేలిక నేలల్లో పండుతున్న బర్లీ ఆకు, విదేశాలలో వెనిలా, కోకో, రమ్ము వాసనలతో డబ్బాలకెక్కే పైపు మిశ్రమాలకు ఆధారమైన జాతికి చెందినది.

బర్లీకి ప్రధానమైన గిరాకీ అమెరికన్ తరహా మిశ్రమ సిగరెట్ల నుంచే వస్తున్నది. పైపు పొగాకు వాటా స్వల్పం. అయినా ఈ ఆకు గుణం తెలుసుకోదలచిన వర్తకుడికి పైపు మిశ్రమాన్ని మించిన పాఠం లేదు. సిగరెట్టులో కనబడకుండా జరిగిపోయేదంతా పైపులో విడివిడిగా తెలుస్తుంది. డబ్బా కొనేవాడు దేనికి డబ్బు చెల్లిస్తున్నాడో తెలిస్తేనే పాక దగ్గర ఆకుకు ధర కట్టడం సరిగా ఉంటుంది.

ఏ ఆకు ఏ పని చేస్తుంది

పైపు మిశ్రమంలో సాధారణంగా రెండు మూడు రకాల ఆకు ఉంటుంది. మొదటిది మన గుంటూరు వర్తకులకు చిరపరిచితమైన వర్జీనియా. దీనిని బ్యారన్లలో వేడిగాలితో వారం రోజుల లోపే క్యూరింగ్ చేస్తారు. ఆకులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర ఖర్చయిపోక ముందే ఆకు ఆరిపోతుంది. అందువల్ల వర్జీనియా పొగలో సహజమైన తీపి ఉంటుంది.

రెండవది బర్లీ. దీనిని గాలి ఆడే పాకల్లో నీడన వేలాడదీస్తారు. క్యూరింగుకు వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఆకు ఊపిరి పీలుస్తూనే ఉంటుంది కనుక చక్కెర దాదాపుగా ఖర్చయిపోతుంది. మిగిలేది గోధుమ రంగు ఆకు. పలుచన, బోలు, ఘాటు ఎక్కువ, తీపి లేదు. పొగ రుచి వేయించిన గింజల రుచిని, తియ్యదనం లేని కోకోను తలపిస్తుంది.

ఇవిగాక టర్కీ, గ్రీసు ప్రాంతాల చిన్న ఆకు ఓరియంటల్. పొయ్యి పొగలో ఆరబెట్టే లటాకియా. అమెరికాలోని లూసియానాలో పీపాల్లో ఒత్తి పులియబెట్టే పెరిక్ ఉన్నాయి. ఇవి మిశ్రమంలో పోపు వంటివి. కొద్దిగానే వేస్తారు. కావెండిష్ అనేది ఆకు జాతి కాదు. ఆకుకు ఆవిరి పట్టి, తీపి కలిపి, ఒత్తిడిలో ఉంచి నల్లబరిచే పద్ధతికి ఆ పేరు.

తెల్ల బర్లీ పుట్టుక ఒక ఆకస్మిక ఘటన. 1864లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, బ్రౌన్ కౌంటీలో ఒక రైతు పొలంలో, కెంటకీ నుంచి తెచ్చిన విత్తనాలు మొలిచినప్పుడు కొన్ని మొక్కలు పాలిపోయి కనిపించాయి. రోగమనుకున్నారు. పెంచి చూడగా ఆకుపచ్చదనం తక్కువైన కొత్త రకమని తేలింది. కొత్త కుండ నీరు పీల్చినట్లు ఈ ఆకు తీపి పాకాన్ని పీల్చుకోవడం తయారీదార్లను ఆకర్షించింది. 1907లో వెలువడిన ప్రిన్స్ ఆల్బర్ట్ వంటి అమెరికన్ పైపు పొగాకుకు పునాది ఈ బర్లీయే.

పాకం, పై పరిమళం

డబ్బా మూత తీయగానే గుప్పున వచ్చే వాసన ఆకుది కాదు. అది రెండు దఫాలుగా కలిపినది. మొదటి దఫాను కేసింగు అంటారు. ఆకుకు ఆవిరి పట్టి మెత్తబరచి, చక్కెర, అతిమధురం, కోకో వంటివి కలిపిన పాకం చల్లుతారు. ఆకు దానిని లోపలికి లాగుకునేదాకా ఆగి, బర్లీ అయితే వేడి చేసి గరుకుదనం పోగొడతారు. పాకంలోని తీపి, కాలేటప్పుడు ఆమ్లాలను పుట్టించి బర్లీ పొగలోని క్షారగుణాన్ని తగ్గిస్తుంది. అంటే కేసింగు పని కేవలం వాసన ఇవ్వడం కాదు, పొగను మెత్తబరచడం.

రెండవ దఫా పై పరిమళం. ఆకు తరిగిన తరువాత, డబ్బాలో నింపే ముందు, వెనిలా, చెర్రీ, రమ్ము మొదలైన వాసనలను సాధారణంగా ఆల్కహాలులో కలిపి చల్లుతారు. ఇది తొందరగా ఎగిరిపోయే సరుకు. తేమ నిలవడానికి గ్లిసరిన్, ప్రొపిలిన్ గ్లైకాల్ వంటివి కూడా వాడతారు.

వర్తకుడు ఇక్కడ ఒక విషయం గ్రహించాలి. వాసన తయారీదారు సొమ్ము. దానిని పట్టి ఉంచే గుణం రైతు సొమ్ము. ఆకు బోలుగా లేకపోతే పాకం పైపైనే జిగురుగా నిలుస్తుంది. కాల్చినప్పుడు వాసన ముందుగా పోయి, వెనక చేదు మిగులుతుంది.

మూడు వాసనల పరీక్ష

పైపు పొగాకును ఎరిగినవారు మూడు వాసనలను వేరువేరుగా లెక్కిస్తారు. మొదటిది డబ్బా వాసన. రెండవది కాల్చేవాని నోటికి తెలిసే రుచి. మూడవది పక్కన కూర్చున్నవారికి తగిలే గది వాసన. సువాసన మిశ్రమాలలో మొదటిది, మూడవది ఘనంగా ఉండి, రెండవది వెలితిగా ఉండటం తరచు జరుగుతుంది. డబ్బా వాసన చూసి మెచ్చుకోవడం పెండ్లిపందిరిని చూసి సంబంధం ఖాయం చేసుకోవడం వంటిది.

పైపు నింపడంలోనూ పద్ధతి ఉన్నది. అడుగున వదులుగా, నడుమ కొంచెం బిగువుగా, పైన మరికొంత బిగువుగా నింపుతారు. మొదట ఒకసారి పైపైన అంటించి, ఉబికిన పొగాకును మెల్లగా అదిమి, మళ్లీ అంటిస్తారు. ఆపైన నిదానంగా, పొగను నోటి వరకే తీసుకుంటూ కాలుస్తారు. తొందరగా లాగితే పైపు వేడెక్కి, తడి పొగాకు నుంచి ఆవిరి పుట్టి నాలుక చురచుర మంటుంది. సువాసన మిశ్రమాలలో తేమ, తీపి ఎక్కువ కాబట్టి వీటికి ఈ దోషం ఎక్కువ. పైపు సగం కాలేసరికి పై పరిమళం చాలా భాగం పోతుంది. అక్కడి నుంచి నిలిచేది ఆకు, దాని లోపలికి దిగిన పాకం. మిశ్రమం మంచి చెడ్డలు తేలేది ఆ రెండవ సగంలోనే. కొనుగోలుదారుల నిపుణులు నమూనా చూసేటప్పుడు వెదికేది కూడా ఈ నిలిచే గుణాన్నే.

మన వర్తకులు తరచు తప్పే చోట్లు

వర్జీనియాకు అలవాటు పడిన కన్ను పసుపు రంగును వెదుకుతుంది. బర్లీ విషయంలో ఇది నష్టదాయకం. నీడపాకలో ఆకు మరీ తొందరగా ఆరిపోతే పసుపు, పచ్చ మచ్చలు అలాగే నిలిచిపోతాయి. అది క్యూరింగు పూర్తికాలేదనడానికి గుర్తు. తేమ మరీ ఎక్కువై గాలి ఆడకపోతే ఆకు నల్లబడి, బరువు కోల్పోయి చివుకుతుంది. సమానంగా తేలిన గోధుమ వన్నె, ముట్టుకుంటే బోలుగా, మెత్తగా ఉండే స్వభావం కోరదగినవి.

రెండవది తేమ లెక్క. నూటికి 20 పాళ్ల తేమతో 100 కిలోలు కొన్నారనుకుందాం. అందులో ఎండు సరుకు 80 కిలోలే. నిలవకు తగినట్లు 12 పాళ్లకు ఆరబెడితే మొత్తం బరువు సుమారు 91 కిలోలకు దిగుతుంది. తొమ్మిది కిలోలు నీళ్లకు చెల్లించినట్లే. పైగా తడి ఆకు చెక్కుల్లో వేడెక్కి బూజు పడుతుంది. బూజు వాసనను ఏ వెనిలా కప్పలేదు. అట్లాగని గలగలమనే ఎండుటాకును కదిలిస్తే పొడి అవుతుంది. పదునుకు వచ్చినప్పుడే చెక్కు కట్టాలి.

మూడవది గోదాము. పాకాన్ని పీల్చే గుణమే చెడు వాసననూ పీలుస్తుంది. మిరప, పసుపు, కిరసనాయిలు, ఎరువులు ఉన్న చోట బర్లీ చెక్కులు ఉంచడం చేజేతులా సరుకును చెడగొట్టుకోవడమే. ఆకు తియ్యగా కనబడాలని బెల్లం నీళ్లు చల్లడం మరీ చెడ్డ పని. పాకం పట్టడం తయారీదారు పని. ఆయనకు కావలసింది ఏమీ అంటని ఆకు.

నాల్గవది పేర్ల గందరగోళం. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లనేలల్లో పండే హెచ్.డి. బర్లీ వేరు, ఏజెన్సీ తేలిక నేలల బర్లీ వేరు. రెండూ ఒకే లాటులో కలిపితే రెండింటి విలువా పడిపోతుంది.

ధర ఎవరు నిర్ణయిస్తారు

1976 జనవరి 1న ఏర్పడిన పొగాకు బోర్డు వేలం పాటలు వర్జీనియాకు మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో అవి 1985లో మొదలయ్యాయి. బర్లీకి అటువంటి వేదిక లేదు. రైతుకూ కొనుగోలుదారుకూ మధ్య జరిగే బేరమే ధర. కొనేవారు వెనక్కి తగ్గితే ఏమవుతుందో 2025లో హెచ్.డి. బర్లీ రైతులు చవిచూశారు. ఆ సంవత్సరం రాష్ట్ర ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలుకు దిగవలసి వచ్చింది.

ఏజెన్సీలో పరిస్థితి మరింత సున్నితం. గిరిజన రైతుకు డబ్బా ధర తెలియదు, గ్రేడు పేర్లు తెలియవు. మధ్యవర్తుల బారి నుంచి గిరిజనులను కాపాడే ఉద్దేశంతో 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. చింతపండు, తేనె, కాఫీ వంటి సరుకులకు అది ఆసరా అయింది. అరకు అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పొట్లం మీద కొండ పేరు ఉంటుంది. పేరుతోపాటు ధర కూడా కొండకు కొంత తిరిగి వస్తుంది. పైపు పొగాకు డబ్బా మీద ఉండేది వెనిలా పేరో, చెర్రీ పేరో. పాకాన్ని మోసిన ఆకు పేరు అక్కడ ఉండదు. కాబట్టి ఆకు విలువ తేలవలసింది మొదటి బేరంలోనే. అక్కడ తేలకపోతే ఇక ఎక్కడా తేలదు.

చట్టం, ఆరోగ్యం

సువాసనను నమ్ముకున్న వ్యాపారానికి చట్టాల వల్ల వచ్చే ఒడుదొడుకులు ఎక్కువ. అమెరికాలో 2009 నుంచి మెంథాల్ తప్ప ఇతర సువాసనల సిగరెట్లు నిషేధం. అదే సంవత్సరం కెనడా చేసిన చట్టం బర్లీ పండించే ఆఫ్రికా దేశాలను కలవరపెట్టింది. పాకం కలపకుండా బర్లీ సిగరెట్టు సాగదు మరి. యూరపు సమాజం 2014 నాటి ఆదేశం ప్రకారం 2016 నుంచి సిగరెట్లలో, చేతితో చుట్టుకునే పొగాకులో ప్రత్యేక సువాసనలను నిషేధిస్తూ, పైపు పొగాకును మినహాయించింది. ఆ మినహాయింపు శాశ్వతమని భావించి సరుకు నిలవచేయడం వివేకం కాదు. మన దేశంలో 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం పైపు పొగాకుకు కూడా వర్తిస్తుంది.

ఆరోగ్యం సంగతి దాచవలసింది కాదు. వాసన కమ్మగా ఉన్నంత మాత్రాన పొగ మంచిది కాబోదు. పొగ ఊపిరితిత్తులకు పోనివ్వకపోయినా పైపు నోటి కాన్సరుకు దారితీస్తుంది. పొగ నోటిలోనే నిలిస్తే ఏమవుతుందో ఉత్తరాంధ్రకు బాగా తెలుసు. నిప్పు కొసను నోటిలో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటుపై శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించిన అధ్యయనం 1971లో వెలువడింది. అడ్డపొగ తాగేవారి అంగిటిపై మచ్చలు, పుండ్లు, కాన్సరు ఆ పరీక్షల్లో బయటపడ్డాయి. నమూనా గుణం తెలుసుకోవడానికి వర్తకుడు ఆకును ముట్టుకుని, వాసన చూసి, కాలే తీరు గమనిస్తే చాలు. తాను కాల్చనక్కరలేదు.

చేయదగినది

ఈ ఆకులో దిగదలచిన వర్తకులు కొనుగోలుకు ముందే తయారీదారు కోరే తేమ, రంగు, గ్రేడు రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. ఏజెన్సీ ఆకును విడి లాటుగా ఉంచి, ఏ పల్లె ఆకో చెక్కు మీద రాయాలి. రైతు ఎదుటనే తేమ చూసి, గ్రేడు పేరు పైకి చెప్పి, కాటా చూపించాలి. మచ్చల ఆకుకు ధర తగ్గిస్తే కారణం చెప్పాలి. కారణం తెలిసిన రైతు వచ్చే ఏడాది పాకలో గాలి, నీడ సరిచూసుకుంటాడు. కారణం తెలియని రైతు వచ్చే ఏడాది బర్లీ వేయడం మానుకుంటాడు, లేదా సరుకును మరొకరికి ఇస్తాడు. రెండింటిలో ఏది జరిగినా లోటు పడేది వర్తకుని ఖాతాలోనే.