ముప్పై ఏళ్ల మనిషి చేత బెలూన్లు ఊదించకండి

డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దవాళ్లు స్పీచ్ థెరపీకి రావడం మన దగ్గర ఇంకా తక్కువే. పిల్లలతో కిటకిటలాడే సెంటర్‌కి ఓ రోజు ఇరవై ఎనిమిదేళ్ల యువకుడు తల్లిని వెంటబెట్టుకుని వస్తాడు. బీఏఎస్‌ఎల్‌పీ పూర్తిచేసి కొత్తగా చేరిన థెరపిస్టు చెయ్యి అలవాటుకొద్దీ బొమ్మల డబ్బా వైపు వెళ్తుంది. దాన్ని అక్కడే ఉంచండి. "మీ పేరేంటండీ?" అని ఆయన్నే అడగండి. అమ్మగారు అందుకోబోతే మర్యాదగా ఆపండి. ఇంటా బయటా ఆయన ఇంకా "బాబు"గానే ఉండి ఉంటారు, మీ గదిలోనైనా "గారు" కానివ్వండి.

మాట జోలికి వెళ్లేముందు వినికిడి పరీక్ష చేయించండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి చెవి రంధ్రం సన్నగా ఉంటుంది, గుబిలి గట్టిపడి అడ్డుపడుతుంది. మిగతావాళ్లకన్నా ముందే వినికిడి తగ్గడం మొదలవుతుంది. "పిలిస్తే పలకడు, మొండి" అన్న ఫిర్యాదుకి మందు ఒక్కోసారి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరే దొరుకుతుంది.

ఇక బెలూన్లు, ఈలలు, కొవ్వొత్తులు. ఊదిస్తే నాలుక బలపడి మాట తేటపడుతుందని తల్లిదండ్రులు నమ్ముతారు, మనవాళ్లూ కొందరు నమ్మిస్తారు. ఊదితే ఊదడం వస్తుంది. దానివల్ల మాట మెరుగవుతుందనడానికి గట్టి ఆధారం లేదు. మాట్లాడిస్తేనే మాట వస్తుంది.

ఏ మాటలు అన్నది ఆయన జీవితాన్ని బట్టి తేల్చుకోవాలి. లెమన్ ట్రీ హోటళ్ల లాంటివి డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిని ఉద్యోగాల్లోకి తీసుకుంటున్నాయి. మీ క్లయింట్ అలాంటి చోట చేరితే, అనుమతి తీసుకుని ఓ పూట అక్కడికి వెళ్లి చూడండి. "ఇంకేమైనా కావాలా సార్?", "ఒక్క నిమిషం, అడిగి చెప్తాను", "నాకు ఒంట్లో బాగోలేదు", "వద్దు, నన్ను ముట్టుకోవద్దు" అనే నాలుగూ రావడం "ర" స్పష్టంగా పలకడంకన్నా ముఖ్యం. హైదరాబాద్‌లో ఇంట్లో తెలుగు, కిచెన్‌లో హిందీ, అతిథులతో ఇంగ్లిష్ నడుస్తుంది. ఏ మాట ఎక్కడ వాడాలో ఆ భాషలోనే సాధన చేయించండి. ఒకే భాషకి కట్టేయాలన్న పాత సలహా పక్కన పెట్టండి.

వీళ్లలో చాలామందికి అర్థమయ్యేది ఎక్కువ, బయటికి చెప్పగలిగేది తక్కువ. విన్నది కాసేపు గుర్తుపెట్టుకోవడం కష్టం, చూసింది గుర్తుంటుంది. అందుకే నోటితో పదిసార్లు చెప్పేకన్నా ఫోన్‌లో ఫొటోలు, రాసిన కార్డులు పనికొస్తాయి. గబగబా మాట్లాడి మాటలు మింగేసేవాళ్ల చేత అక్షరానికోసారి వేలితో బల్ల మీద తట్టించండి.

నా లెక్కలో అన్నిటికన్నా విలువైన పాఠం ఒకటుంది: ఎదుటివాళ్లకి అర్థం కాకపోతే ఏం చెయ్యాలి? మొదట నెమ్మదిగా మళ్లీ చెప్పడం, తర్వాత వేరే మాటతో చెప్పడం, అదీ కుదరకపోతే చూపించడం. ఇది ఆయనకి నేర్పి ఊరుకుంటే సగం పనే అయినట్టు. తోటి ఉద్యోగులకీ ఓ అరగంట కేటాయించండి. అర్థం కాకుండానే "సరే సరే" అని తలూపవద్దని, జవాబు కోసం మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఆగమని చెప్పండి. ఆ ఆగడమే మనవాళ్లకి మహా కష్టం!

ఫీజు భారమనే కుటుంబానికి నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా గురించి చెప్పండి. లక్ష రూపాయల వరకు ఉండే ఆ బీమాలో థెరపీకీ కొంత వాటా ఉంది.

నలభై దాటాక మాట తగ్గిందని ఎవరైనా వస్తే జాగ్రత్త. వీళ్లకి అల్జీమర్స్ త్వరగా వచ్చే ముప్పు నిజమే. కానీ థైరాయిడ్ లోపం, వినికిడి లోపం, నిద్రలో ఊపిరి ఆగడం, దిగులు కూడా అలాగే కనిపిస్తాయి, వాటికి చికిత్స ఉంది. మార్పు ఎప్పుడు మొదలైందో చెప్పాలంటే పాత మాట చేతిలో ఉండాలి. కాబట్టి ఇప్పటినుంచే, కుటుంబం ఒప్పుకుంటే, ఆయన్నీ అడిగి ఏటా ఓ ఐదు నిమిషాల సంభాషణ రికార్డు చేసి, తేదీ వేసి, ఒక కాపీ ఇంట్లోవాళ్లకి ఇచ్చేయండి.