పూలకూజాను ఎక్కడ పెట్టాలి?

మీ ఇంట్లో పూలకూజా ఉందా? ఫ్లవర్ వాజు అంటామే, అదే. పింగాణీదో ఎర్రమట్టిదో, ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టారు? ఎందుకక్కడ పెట్టారు? "అక్కడ ఖాళీ ఉంది కాబట్టి" అన్నదే చాలామంది జవాబు. కూజాను అందంగా అమర్చడం పెద్దవాళ్ల సరదా అనీ, దానికీ సైన్సుకూ సంబంధం లేదనీ అనుకుంటాం. కాని ఆ చోటును నిర్ణయించేవి ముఖ్యంగా వెలుతురు, బరువు, నీరు. ఈ మూడింటి గురించీ మీ సైన్సు పుస్తకంలో ఉంది.

ముందొక చిన్న సంగతి. కుండ భాగాలకు మనవాళ్లు పెట్టిన పేర్లు చూడండి: మూతి, మెడ, పొట్ట. అన్నీ మనిషి ఒంటి పేర్లే! దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు ఉత్తర తీరంలో, సుమారు క్రీ.శ. 100 - 800 మధ్య కాలంలో, మోచే ప్రజలు ఈ పోలికను నిజం చేసి చూపించారు. మనిషి తలనే కూజాగా మలిచారు. కళ్లు, ముక్కు, పెదవులు, చెంపల ముడతలు అన్నీ ఉంటాయి. పైన వంపు తిరిగిన బోలు పిడి, దాని మీద మూతి. కూజా శిల్పం కూడా కావచ్చునని వాళ్లు అప్పుడే చూపారన్నమాట. మెలికలు, మడతలు, గవ్వలాంటి గాడులు ఉన్న కూజాలను నేటి కళాకారులూ చేస్తున్నారు.

అలాంటిది ఇంటికి రాగానే మనం చేసే పనేమిటి? షోకేసులో అద్దం వెనక పెట్టి, నిండా ప్లాస్టిక్ పూలు కుక్కుతాం. పాపం, కూజా కనబడనే కనబడదు!

శిల్పం మనకు కనిపించేది వెలుతురు వల్ల మాత్రమే కాదు, నీడ వల్ల కూడా. నమ్మకం కుదరకపోతే రాత్రి గదిలో లైటు ఆర్పి, టార్చిని మీ కంటి పక్కనే పట్టుకుని కూజా మీద వెయ్యండి. అంతా ఒకేలా తెల్లగా, చదునుగా కనిపిస్తుంది. ఇప్పుడు టార్చి పట్టుకున్న చేతిని బాగా పక్కకు చాపండి. ఒక్కసారిగా ప్రతి గాడీ, ప్రతి మడతా పైకి లేచి వస్తుంది! వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు ఉబ్బెత్తు భాగానికి ఒక పక్క వెలుగు, రెండో పక్క నీడ ఏర్పడతాయి. ఆ తేడాను బట్టే మన మెదడు "ఇది గుండ్రం, ఇది గుంట" అని పోల్చుకుంటుంది. ఎదురుగా వెలుతురు పడితే నీడలు వస్తువు వెనక దాక్కుంటాయి. మెదడుకు ఆనవాలు దొరకదు.

ఇదే సంగతి ఆకాశంలోనూ చూడవచ్చు. పౌర్ణమినాడు చంద్రుణ్ణి బైనాక్యులర్స్‌తో చూడండి. కాంతి బోలెడంత ఉన్నా గుంటలు సరిగా కనపడవు. అష్టమినాడు చూడండి. వెలుగు, చీకటి కలిసే గీత పొడవునా గుంటలు ఎంతో స్పష్టంగా ఉంటాయి. అక్కడ ఎండ ఏటవాలుగా పడుతోంది మరి.

కాబట్టి గాడులూ మడతలూ ఉన్న కూజాకు కిటికీ పక్కగా ఉండాలి. కిటికీలోనే పెడితే వెలుతురు వెనక నుంచి వచ్చి, నల్లటి ఆకారం మాత్రమే మిగులుతుంది. కిటికీకి సరిగ్గా ఎదురుగోడన పెడితే చదునుగా కనిపిస్తుంది. బొమ్మల కొలువుకు నాలుగు వైపులా దీపాల తోరణాలు కడితే, బొమ్మల ముఖాల్లో కళ తగ్గడానికీ ఇదే కారణం. ఒక పక్క ఒక్క దీపం పెట్టి చూడమని అమ్మతో చెప్పండి.

కూజా నున్నగా, అద్దంలా మెరుస్తుంటే ఇంకో చిక్కుంది. నున్నని పైపూత మీద కాంతి క్రమ పరావర్తనం చెంది, అక్కడక్కడ మిలమిల మెరిసే మచ్చలు ఏర్పడతాయి. కన్ను వాటి మీదికే పోతుంది. మెరుపు లేని గరుకు మట్టి కాంతిని అన్ని వైపులకూ వెదజల్లుతుంది, అందువల్ల వెలుగు మెల్లమెల్లగా నీడలోకి జారుతుంది. శిల్పానికి గరుకే మేలని నా అభిప్రాయం. వెనక మాత్రం క్యాలెండర్లు లేని ఖాళీ గోడ ఉండనివ్వండి.

చోటు బాగుంది సరే, అక్కడ కూజా నిలబడుతుందా? ఎండబెట్టిన పచ్చికుండ విరిగితే, నీళ్లలో నానబెట్టి మళ్లీ బంకమట్టి చేసుకోవచ్చు. ఆవంలో కాల్చాక అది కుదరదు. సుమారు 500 - 600 డిగ్రీల సెంటీగ్రేడు వేడి దగ్గర, మట్టిలో రసాయనికంగా కలిసి ఉన్న నీరు వెళ్లిపోయి దాని నిర్మాణమే మారిపోతుంది. పెంకును ఎన్నాళ్లు నానబెట్టినా పెంకే. అంతకంటే ముఖ్యం, ఇంట్లో పాకే తమ్ముడో చెల్లెలో ఉంటే, కిలో బరువున్న కూజా పడేది వాళ్ల తలమీద.

ఒక లెక్క చేద్దాం. కూజా బరువు 1 కిలో, ఎత్తు 25 సెం.మీ., అడుగు 10 సెం.మీ. వెడల్పున గుండ్రంగా ఉంది. దాని గరిమనాభి బల్ల నుంచి 12 సెం.మీ. ఎత్తులో, సరిగ్గా మధ్యన ఉందనుకుందాం. కూజాను వంచుతూ పోతే, గరిమనాభి నుంచి కిందికి గీసిన నిలువు గీత అడుగు అంచును దాటగానే అది పడిపోతుంది. గ్రాఫు కాగితం మీద గీసి కోణమానినితో కొలవండి. సుమారు 23 డిగ్రీలు వస్తుంది. అంటే ఒక పక్క అంచును దాదాపు 4 సెం.మీ. ఎత్తితేగాని కూజా పడదు. ఫరవాలేదు కదూ?

ఇప్పుడు అందులో పావుకిలో ఎండుకొమ్మ పెట్టండి. కొమ్మ గరిమనాభి బల్ల నుంచి 42 సెం.మీ. ఎత్తున ఉంది. రెండింటి ఉమ్మడి గరిమనాభి ఎత్తు:

(1 × 12 + 0.25 × 42) ÷ 1.25 = 18 సెం.మీ.

ఇక 15 డిగ్రీలు దాటితే పడిపోతుంది. ఇంతటితో అయిపోలేదు. కొమ్మను నిటారుగా ఎవరు పెడతారు? అందం కోసం ఒక పక్కకు వాలుస్తాం. ఆ ఎత్తులోనే కొమ్మ గరిమనాభి 20 సెం.మీ. పక్కకు జరిగిందనుకోండి. ఉమ్మడి గరిమనాభి 0.25 × 20 ÷ 1.25, అంటే 4 సెం.మీ. పక్కకు జరుగుతుంది. అడుగు అంచేమో మధ్య నుంచి 5 సెం.మీ. దూరంలోనే ఉంది. మిగిలింది ఒక్క సెంటీమీటరు! 3 డిగ్రీలు చాలు. అవతలి అంచు కిందికి ఒక లావుపాటి నోటుపుస్తకం వచ్చినా కూజా ఢామ్మని పడుతుంది. తమ్ముడు బల్లగుడ్డ లాగితే ఇక చెప్పేదేముంది!

మందు తేలికే. ఒక కిలో పొడి ఇసుక అడుగున పోయండి. అది దాదాపు 8 సెం.మీ. ఎత్తుకు వస్తే, ఇసుక గరిమనాభి 4 సెం.మీ. ఎత్తున ఉంటుంది. ఇప్పుడు కూజా, ఇసుక, వాలిన కొమ్మ మూడూ కలిపి లెక్క కట్టండి. ఎత్తు మళ్లీ 12 సెం.మీ. లోపుకు దిగుతుంది. పక్కకు జరిగేది 2.2 సెం.మీ. మాత్రమే. వంపు 13 డిగ్రీల దాకా భయం లేదు. వాలిన వైపును గోడ వైపు తిప్పకుండా, గోడ పొడవునా ఉంచితే నీడ కూడా చక్కగా పడుతుంది. బల్లగుడ్డ మాత్రం తీసెయ్యాల్సిందే.

కూజాను ఎత్తేటప్పుడు చెవి పట్టుకోకండి. చెవులు, ముక్కులు, రేకులు విడిగా చేసి పల్చని బంకమట్టితో అతికించినవి. బరువంతా ఆ అతుకు మీద లాగుతుంది. కాల్చిన మట్టి నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోలేదు. ఒక చెయ్యి అడుగున, ఇంకొకటి పొట్టకు.

నీళ్ల సంగతి చెప్పి ముగిస్తాను. కూజా అడుగున పూత లేని చోట ఒక నీటిబొట్టు వెయ్యండి. బొట్టు ఇంకిపోతే ఆ మట్టిలో సన్నని రంధ్రాలున్నాయన్నమాట. లోపల కూడా పూత లేకపోతే, అందులో పోసిన నీరు ఆ రంధ్రాల గుండా బయటికి చెమరుస్తుంది. వేసవిలో మంచినీళ్ల కూజాను చల్లగా ఉంచే ఈ గుణమే, చెక్కబల్ల మీద పాలిష్‌ను పాడుచేస్తుంది. పైగా నీటిలోని లవణాలు పైకి వచ్చి తెల్లని పొర కడతాయి. అలాంటి కూజాలో ఎండుకొమ్మలే పెట్టండి, లేదా లోపల ఒక గాజు గ్లాసు దించి అందులో నీళ్లు పోయండి. పూత ఉన్నా, అందులో వెంట్రుకవాసి బీటలు కనిపిస్తే ఒక రాత్రి వార్తాపత్రిక మీద పెట్టి, తెల్లవారి కాగితం తడిసిందేమో చూడండి. అలంకారానికి చేసిన కూజాలో నిమ్మరసం, మజ్జిగ మాత్రం ఎప్పుడూ పోసుకోకండి. కొన్ని పూతల్లో సీసం ఉంటుంది. పులుపు దాన్ని కరిగించి తాగేదాంట్లో కలుపుతుంది. సీసం విషం.

ఈ నెల మీకో పని. మీ ఇంటి కూజా గరిమనాభి ఎక్కడుందో కనిపెట్టండి. చుట్టూ దిండ్లు పేర్చి, పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, నేలమీద పరిచిన పలక మీద ఖాళీ కూజాను మెల్లగా వంచండి. ఇటు వెనక్కీ రాక, అటు ముందుకూ పడక తూగే చోటు ఒకటి తగులుతుంది. అప్పుడు లేచిన అంచు ఎత్తును స్కేలుతో కొలవమనండి. అదే వంపులో కూజా బొమ్మను గ్రాఫు కాగితం మీద గీసి, పలకకు ఆనిన అంచు నుంచి నిలువుగా పైకి ఒక గీత గీయండి. ఆ గీత కూజా నడిమిగీతను తాకిన చోటే గరిమనాభి. తరవాత ఇసుక పోసి పైన కాగితం గట్టిగా కుక్కి, మళ్లీ వంచి కొలవండి. ఆ బిందువు ఎంత కిందికి దిగింది?