బండి అమ్మే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీకు పుణె బదిలీ అయిందనీ, బండి అమ్మకానికి ఫోన్లో పెట్టావనీ అమ్మ చెప్పింది. పెట్టిన పావుగంటకే ఎవరో ఫోన్ చేసి, తాను సైన్యంలో ఉన్నాననీ, అడిగినంతా ఇస్తాననీ, ముందే డబ్బు పంపి తర్వాత మనిషిని పంపిస్తాననీ అన్నాడట. అది విన్న దగ్గర్నుంచీ నాకు స్థిమితం లేదురా.

మన సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు చూసి, నాలుగడుగులు నడిపించి గానీ పలుపు పట్టుకోడు. పాత బండి కొనేవాడూ అంతే. గీతలు చూపిస్తాడు, టైర్లు అరిగాయంటాడు, రెండు వేలు తగ్గించమంటాడు. ఒక్క వంకా పెట్టకుండా ఒప్పుకున్నాడంటే వాడి కన్ను నీ ఖాతా మీదే. ఇప్పుడు క్యూఆర్ కోడ్ పంపి, 'స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది' అంటాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు నాయనా. పిన్ కొట్టావంటే నీ డబ్బు పోతున్నట్టే. వాడి ఫోన్లో పచ్చని టిక్కు చూపించినా, 'ఎక్కువ పంపేశాను, తిరిగివ్వండి' అని మెసేజ్ చూపించినా నమ్మకు. నీ బ్యాంకు యాప్ తెరిచి, నిల్వ పెరిగిందో లేదో నీ కళ్లతో చూసుకో. అప్పటిదాకా తాళం నీ జేబులోనే ఉండాలి.

నోట్లు ఇస్తానంటే మీ బ్యాంకుకే రమ్మను. అక్కడే నీ ఖాతాలో కట్టించు, దొంగనోట్ల భయం ఉండదు. బండి చూపించడం పగటిపూట, జనం మసిలే చోట, స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని.

కాగితాల దగ్గర నేను దెబ్బతిన్నాను. నా స్కూటర్ అమ్మినప్పుడు ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి, 'నువ్వే పేరు మార్పించుకో బాబూ' అన్నాను. ఆ కుర్రాడు మార్పించుకోకుండానే ఇంకొకరికి అమ్మేశాడు. మూడేళ్లకు ఆ బండి ఒక ముసలాయన్ని గుద్దితే కోర్టు నోటీసు నా పేరున వచ్చింది. మీ అత్త ఆ కాగితం పట్టుకుని గుమ్మంలో కూలబడిపోయింది. ఆర్సీలో ఎవరి పేరుంటే నష్టపరిహారానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కనుక ఫారం 29, ఫారం 30 పూర్తిగా నింపాకే సంతకం పెట్టు. కొన్నవాడి ఆధార్ నకలు తీసుకో, బండి అప్పగించిన తేదీతో పాటు గంట కూడా రాయించు. అమ్మినట్టు 14 రోజుల్లోగా ఆర్టీఓకి తెలియజేయాల్సింది నువ్వే. బండి మీద అప్పు తీరిపోయిందన్నావు, ఆర్సీలో ఫైనాన్సు వాళ్ల పేరు తీయించావా? అది ఉంటే పేరు మారదు.

ఒకవేళ ఇప్పటికే పిన్ కొట్టేసి ఉంటే, సిగ్గుపడి దాచకు. ఈ ఉత్తరం పక్కన పెట్టి వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. నిన్ను ఎవరూ ఒక్క మాట అనరు, అననివ్వను.

ఆ సైన్యం ఆయన మళ్లీ చేస్తే ఎత్తకు. ఈ శనివారం నిజంగా బండి చూడ్డానికి ఎవరైనా వస్తామంటే ముందురోజే చెప్పు, తెల్లారుజాము బస్సుకు బయల్దేరి వస్తాను.

మీ మామయ్య