బజ్జీ మెడ మీది గడ్డ

కిరణ్,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. చిన్న గుండ్రటి గడ్డ, చుట్టూ బొచ్చు ఊడింది, పైన నల్లగా పక్కు కట్టింది, బజ్జీ అదే పనిగా గోక్కుంటోందంటున్నావు. నాలుగేళ్లు దాటిన ఫెర్రెట్‌కు ఇలాంటిది కనబడితే మా క్లినిక్ డాక్టర్ల నోట ముందుగా వచ్చే మాట మాస్ట్ సెల్ ట్యూమర్. ఆ మాటకు హడలిపోకు. కుక్కల్లో అయితే భయపడాల్సిన పేరే. ఫెర్రెట్లలో మాత్రం అది చర్మం దాటి లోపలికి పాకడం చాలా అరుదు. కోసి తీసేస్తే ఆ చోట సాధారణంగా పని అయిపోయినట్టే. మరో చోట కొత్తది లేవదని మాత్రం హామీ లేదు. ఫెర్రెట్ల చర్మం మీద తరచుగా వచ్చే బేసల్ సెల్ గడ్డలు కూడా ఇంచుమించు ఇంతే సాధువులు.

ఇక అసలు సంగతి. ఆపరేషన్ అంటే ఖర్చు, మత్తుమందు భయం. అందుకని ముందు నెల రోజులు మూలికల చుక్కలు వేసి చూద్దామా అని అడిగావు. నీ స్నేహితుడి ఫెర్రెట్‌కు ఆ చుక్కలతోనే మూడు వారాల్లో గడ్డ రాలిపోయిందని కూడా రాశావు. అతను అబద్ధమాడాడని నేననను. రాలిపోయే ఉంటుంది. ఎలాగో చెబుతాను విను.

మాస్ట్ కణాల నిండా హిస్టమిన్ ఉంటుంది. అది బయటికి వచ్చినప్పుడల్లా గడ్డ ఎర్రబడి ఉబ్బుతుంది, దురద పెడుతుంది. ఫెర్రెట్ గోకుతుంది, నెత్తురు కారుతుంది, పక్కు కడుతుంది. కొన్నాళ్లకు పక్కు ఊడి, గడ్డ అణిగి, చర్మం దాదాపు నున్నగా అయిపోతుంది. మళ్లీ కొన్ని వారాలకు అక్కడే లేస్తుంది. ఏ మందూ వేయకపోయినా ఈ తంతు జరుగుతూనే ఉంటుంది. మనం సీసా ఎప్పుడు కొంటాం? గడ్డ మరీ పొంగి, చూడలేనట్టు ఉన్నప్పుడు. అంటే అది ఎలాగూ తగ్గుముఖం పట్టబోయే రోజుల్లో. కాకి వాలింది, తాటిపండు పడింది. ఫెర్రెట్ చర్మపు గడ్డలకు మూలికలు పనిచేస్తాయని ఇంతమంది ఇంత గట్టిగా నమ్మడానికి నాకు తోచిన కారణం ఇదొక్కటే. తిరిగి లేచినప్పుడు, డోసు చాలలేదనుకుని ఇంకో సీసా కొంటారు.

సీసాలో ఏముంటుందో చూద్దాం. ఎక్కువగా వినబడేది ఎసియాక్. కెనడాలో రెనీ కేస్ అనే నర్సు 1920లలో మనుషుల క్యాన్సర్‌కు ఇచ్చిన కషాయం: బర్డాక్ వేరు, షీప్ సోరెల్, స్లిపరీ ఎల్మ్ బెరడు, రూబార్బ్ వేరు. 1970లలో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో ఎలుకల మీద పరీక్షిస్తే గడ్డల మీద దాని ప్రభావమేమీ కనబడలేదు. రూబార్బ్ విరేచనకారి. కిలో బరువైనా లేని బజ్జీకి నాలుగు నీళ్ల విరేచనాలంటే చిన్న విషయం కాదు. టర్కీ టెయిల్ పుట్టగొడుగు కథ కొంచెం మెరుగు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 15 కుక్కల మీద చేసిన అధ్యయనం 2012లో ఆశ పుట్టించింది. అది కూడా ప్లీహంలో వచ్చే వేరే క్యాన్సర్‌కు. 2022లో ప్రచురించిన పెద్ద పరీక్షలో ఆ ఆశ నిలబడలేదు. కుక్కల లెక్క ఇది. దీన్ని పట్టుకుని ఫెర్రెట్‌కు డోసు కట్టేవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి.

సీసా మీది రాత కూడా ఒకసారి చదువు. 'గడ్డను తగ్గిస్తుంది' అని ఉండదు, 'రోగనిరోధక శక్తికి తోడ్పాటు' అని ఉంటుంది. అమెరికాలో మనుషుల సప్లిమెంట్లకు 1994లో వచ్చిన చట్టం జంతువుల సరుకుకు వర్తించదని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1996లోనే చెప్పింది. గడ్డను నయం చేస్తుందని రాస్తే అది మందు కింద లెక్క, రుజువులు చూపించాలి. అందుకే ఆ గోడమీద పిల్లి రాత.

నాకు ఎక్కువ భయం మూలికల కన్నా వాటిని కలిపే ద్రవం గురించి. బజ్జీ వయసు ఫెర్రెట్లలో ఇన్సులినోమా చాలా మామూలు. పాంక్రియాస్‌లో చిన్న గడ్డలు ఇన్సులిన్ ఎక్కువగా వదులుతాయి, రక్తంలో చక్కెర పడిపోతుంది. తేనె, మొలాసిస్ కలిపిన సిరప్ పోస్తే ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగదన్ని చక్కెర ఇంకా కిందికి జారుతుంది. ఆల్కహాల్‌లో తీసిన టింక్చర్ కూడా చక్కెరను దించేదే. శూన్యంలోకి చూస్తూ నిలబడిపోవడం, చొంగ కార్చుకుంటూ మూతిని పంజాలతో గీరుకోవడం, వెనక కాళ్లు ఈడ్చడం ఎప్పుడైనా గమనించావా? గమనించి ఉంటే గడ్డ సంగతి తర్వాత, ముందు రక్తపరీక్ష.

ఒక్కటి మాత్రం ఒట్టు పెట్టించుకుని మరీ చెబుతున్నాను. బ్లడ్‌రూట్, జింక్ క్లోరైడ్ కలిపిన నల్ల లేపనం, బ్లాక్ సాల్వ్ అంటారు, ఎవరిచ్చినా పూయొద్దు. అది గడ్డను ఏరి చంపదు, తగిలిన చోటల్లా మాంసాన్ని కాల్చేస్తుంది. పైన మాడిన పెచ్చు ఊడి గడ్డ పోయినట్టు కనబడుతుంది, అడుగున కణాలు మిగిలిపోవచ్చు. పైగా ల్యాబ్‌కు పంపడానికి పనికొచ్చే ముక్క మిగలదు.

పిన్ని ఫోన్‌లో పసుపు, వేపనూనె పట్టించమందటగా. ఆవిడ ప్రేమ కొద్దీ చెప్పింది, కాదనకు, పట్టించనూ పట్టించకు. ఫెర్రెట్ ఒంటి మీద పూసింది ఏదైనా కాసేపట్లో దాని కడుపులోకే పోతుంది. పసుపు మాత్రలు ఒంటికి పట్టడానికి మిరియాల సారం కలుపుతారు. అది వేరే మందులు రక్తంలో చేరే తీరును కూడా మార్చగలదు. టీ ట్రీ ఆయిల్ ఇంట్లో ఉంటే బజ్జీని దాని దరిదాపుల్లోకి రానివ్వకు.

ఇప్పుడు చేయాల్సింది. మీ కేరీ పక్కనే రాలీలో నార్త్ కరోలినా స్టేట్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కుక్కలు పిల్లులు కాని పెంపుడు జంతువులకు వేరే విభాగం ఉంది. ముందు సన్న సూదితో కణాలు తీసి చూడమను, ఖర్చు తక్కువ. మాస్ట్ సెల్ అయితే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. ఫోటో చూసి తేల్చడం ఎవరి తరమూ కాదు. పైకి ఇలాగే కనబడే వాటిలో స్క్వామస్ సెల్ కార్సినోమా ఉండొచ్చు, వాసన గ్రంథుల క్యాన్సర్ ఉండొచ్చు. వాటి విషయంలో నువ్వు చుక్కలు వేస్తూ గడిపే నెల చాలా ఖరీదైన నెల. గడ్డ కోశాక దాన్ని ల్యాబ్‌కు పంపమని నోరు తెరిచి అడుగు. ఆ బిల్లు విడిగా వస్తుంది, అక్కడ మాత్రం పీనాసితనం చూపకు.

గడ్డ సాధువేనని తేలి, బజ్జీ గుండె బాగోలేదనో ఇంకేదో కారణంతో ఆపరేషన్ వద్దంటే, దాన్ని అలాగే వదిలి దురదకు మందు వాడటం కూడా ఒక దారే. అప్పుడు మూలిక కావాలంటే డాక్టరుకు చెప్పి ఒక్కటి మొదలుపెట్టు, రెండు కలపకు. వారానికోసారి గడ్డ పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యి, బరువు రాసిపెట్టు. తిండి తగ్గినా, విరేచనం పలచబడినా ఆపెయ్యి.

ఆపరేషన్ ఖాయమైతే ఇప్పటిదాకా ఏమేం వేశావో సీసాలతో సహా పట్టుకెళ్లి చూపించు, రక్తం గడ్డకట్టడాన్ని చెడగొట్టే మూలికలు కొన్ని ఉంటాయి. రాత్రంతా పస్తు పెట్టకు. ఫెర్రెట్ తిన్నది 3, 4 గంటల్లో బయటికి వచ్చేస్తుంది, అంతకు మించి ఖాళీ కడుపుతో ఉంచడం మంచిది కాదు. ఎన్ని గంటలో ఫోన్ చేసి కనుక్కో. రిపోర్టు రాగానే నాకు పంపు, డబ్బు అడ్డమైతే మొహమాటపడకుండా చెప్పు.

మీ అక్క
శారద