తడిచెత్త, వేడినీళ్లు

చి.సౌ. శ్రావణికి తాతయ్య ఆశీస్సులు.

ఇంట్లో కరెంటు బిల్లు పెరిగేది లైట్ల వల్ల కాదు, వేడిచేసే, చల్లబరిచే యంత్రాల వల్ల. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్ అవుతుంది. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఆ ఒక్క యూనిట్‌తో వంద గంటలకు పైగా వెలుగుతుంది. రెండు వేల వాట్ల గీజరు అరగంటలో దాన్ని మింగేస్తుంది. మొన్నటి బిల్లు చూసి భయపడి లైటార్పేసి అన్నాలు తింటున్నారని పిన్ని ఫోన్లో చెప్పిన మాట నిజమైతే, ఆ పొదుపుతో మిగిలేది పైసల్లోనే. కొత్త కాపురంలో చీకటి భోజనాలు అక్కర్లేదు.

గీజరును స్నానానికి కాస్త ముందు వేసి, నీళ్లు కాగగానే కట్టేయాలి. పొద్దస్తమానం వేసి ఉంచితే నీళ్లు చల్లారినప్పుడల్లా మళ్లీ కాగుతుంటాయి. హైదరాబాద్ ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నీళ్లే వేడిగా వస్తాయి కనుక గీజరు పనే ఉండదు. ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచి ఫ్యాను వేసుకోవడం మేలు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర నడుస్తుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఇంట్లో నెలకు పదహారు యూనిట్లు తగ్గుతాయి. కందిపప్పు అరగంట నానబెడితే త్వరగా ఉడుకుతుంది, గ్యాసూ కలిసొస్తుంది. శ్రావణి చిక్కిపోయిందని కూడా పిన్నే చెప్పింది. పొదుపు పాలు, పెరుగు, నెయ్యి జోలికి రాకూడదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది తడిచెత్త. తాతయ్య చిన్నతనంలో ఇంట్లో చెత్తబుట్టే లేదు. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి, కుడితి గేదెకు, పేడ పెంటదిబ్బకు, ఎండాకాలంలో ఆ దిబ్బ బండ్ల మీద పొలానికి వెళ్లేవి. ఆ ఇంటి నుంచి బయటికి పారేసేది దాదాపు ఏమీ ఉండేది కాదు.

ఇప్పటి ఫ్లాట్లలో అన్నీ ఒకే కవరులో కుక్కి, మూతికి ముడి బిగించి గుమ్మం ముందు పెడుతున్నారు. అసలు నష్టం ఆ ముడి దగ్గరే మొదలవుతుంది. గాలి ఆడక తొక్కలు కుళ్లి నీరు కారతాయి. అట్టపెట్టె, కాగితం, పాల ప్యాకెట్టు అందులో నాని, పాత సామాన్లవాడు కూడా ముట్టుకోని స్థితికి వస్తాయి. డంపింగ్ యార్డులో గుట్టల కింద కుళ్లే తడిచెత్త నుంచి మీథేన్ వెలువడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకంటే చాలా బలమైనది. అన్నిటికీ మించి, ఆ ముడిని ఎవరో ఒకరు ఉత్త చేతులతో విప్పాలి. లోపల పగిలిన గాజుగ్లాసు ఉందో, బ్లేడు ఉందో ఆ మనిషికి తెలియదు. అందుకే తడి, పొడి, ప్రమాదకర చెత్త ఇంట్లోనే మూడుగా విడదీయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి.

అలా విడదీసిన తడిచెత్తతో ఎరువు తయారీకి బాల్కనీలో మూరెడు చోటు చాలు. పాత బకెట్టుకు అడుగునా పక్కలా చిల్లులు పెట్టి, కింద ఎండుటాకులు పరచాలి. బీరకాయ చెక్కు, ఉల్లిపొట్టు, అరటితొక్కలు చిన్న ముక్కలుగా వేసి, పైన రెండు గుప్పెళ్ల కొబ్బరిపీచు పొట్టు చల్లాలి. మొదట్లో కాస్త పుల్లమజ్జిగ చిలకరించి, రెండు మూడు రోజులకోసారి కర్రతో కలియబెట్టాలి. నూనె కూరలు, ఎముకలు వేయకూడదు. వాసనొస్తే తడి ఎక్కువైందని అర్థం, ఇంకాస్త పొట్టు వేస్తే సర్దుకుంటుంది. దాదాపు రెండు నెలలకు నల్లగా, పొడిపొడిగా, వానకు తడిసిన మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది. శ్రావణి కుండీలోని మల్లెమొక్కకు అంతకన్నా బలం లేదు.

ఇక మిగిలినవి చిన్న సంగతులు. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్లు ఇల్లు తుడవడానికి పనికొస్తాయి. 120 మైక్రాన్లకన్నా పలచని ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం కనుక, అబ్బాయిగారి స్కూటరు డిక్కీలో ఒక గుడ్డసంచి ఎప్పుడూ ఉండాలి.

అన్నీ ఒకేసారి మొదలుపెడితే వారానికే విసుగొస్తుంది. ముందు తడిచెత్తకు వేరే బకెట్టు కొనాలి, కవరుకు ముడి వేయడం మానాలి. మిగతావి మెల్లగా అలవాటవుతాయి.

ఆశీస్సులతో,
తాతయ్య